"నువ్వు రెస్ట్ తీసుకో అమ్మా": పాలియేటివ్ కేర్‌పై అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో పాలియేటివ్ కేర్ (పెద్ద జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే సంరక్షణ) నర్సుగా ఇళ్లకు వెళ్తుంటాను. కేఆర్ పురం, మారతహళ్లి వైపు మనవాళ్లు ఎక్కువ. పిల్లల ఉద్యోగాలు ఇక్కడ కాబట్టి జబ్బు చేసిన పెద్దవాళ్లను అనంతపురం నుంచో మదనపల్లి నుంచో తెచ్చి పెట్టుకుంటారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇవే మాటలు.

అపోహ: జబ్బేంటో తెలిస్తే దిగులుతోనే పోతారు, చెప్పకండి.

వాస్తవం: చాలామందికి ముందే తెలుసు. గుమ్మంలోనే కొడుకు నన్ను ఆపి "అల్సర్ అని చెప్పాం మేడం" అంటాడు, లోపలికెళ్లి పక్కన కూర్చుంటే పెద్దాయన గొంతు తగ్గించి "నాకు తెలిసినట్టు పిల్లలకు చెప్పకమ్మా, భయపడతారు" అంటాడు. ఉన్న నాలుగు రోజులూ ఈ నాటకానికే సరిపోతాయి. అలాగని అంతా ఒకేసారి గుమ్మరించమని కాదు. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ఆయన్నే అడగాలి.

అపోహ: మార్ఫిన్ (తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు) మొదలెట్టారంటే ఇక అయిపోయినట్టే.

వాస్తవం: మార్ఫిన్ ఇచ్చేది నొప్పిని బట్టి, ఎన్నాళ్లుంటారన్నదాన్ని బట్టి కాదు. మామూలు మాత్రైతే సాధారణంగా 4 గంటలకోసారి, డాక్టర్ రాసిన మోతాదులో, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకి వేయాలి. మలబద్ధకం దాదాపు ఖాయం, అందుకే విరేచనం మందు కూడా వెంటే రాస్తారు. 2014లో మత్తుమందుల నియంత్రణ చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించి అనుమతులు సులువు చేశారు గానీ ఇప్పటికీ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి ముందు మాత్ర కావాలి, జీవిత పరమార్థం తర్వాత.

అపోహ: పాలియేటివ్ అంటే డాక్టర్లు చేతులెత్తేయడం.

వాస్తవం: కీమోతో పాటే మొదలుపెట్టొచ్చు. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్, మొదట మా నర్సే లెండి, నొప్పి ఒంటికే కాదు మనసుకీ ఇంటికీ నమ్మకానికీ ఉంటుందని చెప్పింది. మేం చేసేది ఆ పనే.

అపోహ: ఇక మిగిలింది దేవుడి ధ్యాసే, భక్తి చానల్ పెడితే మనశ్శాంతి.

వాస్తవం: అడిగినవాళ్లకు పెట్టండి. ఒకావిడకు అన్నవాహిక క్యాన్సర్, ముక్కులోంచి వేసిన ట్యూబులోనే జావ. ఆవిడకు వాసన తగిలితే బాధపడుతుందని వంటింటి తలుపు మూసి, ఏది అడిగినా "నువ్వు రెస్ట్ తీసుకో అమ్మా" అనేవాళ్లు. నలభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషిని ఈ వారంలో పాలవాడి లెక్క కూడా ఎవరూ అడగలేదు. "నేనెందుకమ్మా ఇంకా, వీళ్లకు బరువు" అంది నాతో. నేను ఓదార్పు మాటలేమీ చెప్పలేదు, నిజానికి తోచలేదు కూడా. నొప్పి కాస్త అదుపులోకొచ్చాక, వాసనకు వికారం రావట్లేదని కనుక్కుని, వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించి, వీపు వెనక దిండు పెట్టాం. పది నిమిషాలు కూర్చుందో లేదో, "మెంతులు మాడుతున్నాయే, మంట తగ్గించు" అంది.

తర్వాతి వారం వెళ్తే కుర్చీ అక్కడే ఉంది. చింతపండు నానబెట్టిన గిన్నె ఆవిడ ఒళ్లో ఉంది. "నిన్న రెండుసార్లు తిట్టారు మేడం" అని కోడలు నవ్వుతూ చెప్పింది.