ముందు ఎవరి వంతు?

బెంగళూరు మారతహళ్లిలో ముగ్గురు తెలుగు యువకులు కలిసి ఇల్లు తీసుకుంటే పంచుకోవాల్సింది అద్దె ఒక్కటే కాదు. బాల్కనీ గది అందరికీ కావాలి. అంట్లు తోమడం, బాత్రూము కడగడం ఎవరికీ వద్దు. అద్దెను రూపాయల్లోకి విడగొట్టవచ్చు, గదిని కోయలేం. పోలండ్ గణితవేత్త హ్యూగో స్టైన్‌హాస్ 1948లోనే న్యాయమైన పంపకాన్ని గణిత సమస్యగా ముందుంచారు.

నా లెక్కలో నా వాటా నీ వాటాకు తీసిపోకపోతే నాకు అసూయ లేనట్టు. కానీ ఉన్నది ఒకటే బాల్కనీ గదైతే అసూయ తప్పదు. అందుకే పరిశోధకులు కొంచెం తగ్గారు: ఎదుటివారి వాటాలోంచి ఒక్క వస్తువును పక్కన పెడితే అసూయ తీరాలి, అంతే. ఈ సడలింపును 2011లో ఆర్థికవేత్త ఎరిక్ బుడిష్ నిర్వచించారు. దీన్ని సాధించడానికి మామూలు వంతులే చాలు: ఒకరి తర్వాత ఒకరు ఒక్కో వస్తువు ఎంచుకుంటూ పోవడమే. ముందువారి మొదటి ఎంపికను లెక్కలోంచి తీసేస్తే, ఆ తర్వాత ప్రతిసారీ నేనే వారికన్నా ముందు ఎంచుకున్నట్టవుతుంది కదా!

పనులు కూడా కలిస్తే? 2019లో కంప్యూటర్ శాస్త్రవేత్త హారిస్ అజీజ్, ఆయన సహచరులు చూపిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. ముందు ఎవరికీ వద్దనిపించే పనులను ఒక వరుసలో పంచాలి. అవి అందరికీ సమానంగా రాకపోతే, భారమేమీ లేని ఉత్తుత్తి పనులను చేర్చి సరిచేయాలి. తర్వాత వస్తువులను వెనక నుంచి ముందుకు పంచాలి. పనుల్లో చివర నిలిచినవారు వస్తువుల్లో ముందుంటారు. ఏ ఇద్దరి మధ్య చూసినా ఒకరికి అసూయ పనుల్లోనో వస్తువుల్లోనో పుడుతుంది తప్ప రెండింటిలోనూ కాదు. అది కూడా ఒక్కటి తీసేస్తే పోతుంది.

హద్దులు వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. తలా ఒక గది, ఒక పార్కింగ్ చోటు, రెండు అల్మారా అరలు అనుకుందాం. ప్రతి రకానికీ అదే వరుస పాటిస్తే చివరివారికి అన్నిట్లోనూ మిగిలిందే దక్కుతుంది. అసూయ పేరుకుపోతుంది, ఒక్కటి తీసేస్తే తీరదు. ఈ ప్రశ్నకు జవాబు 2018లో ఇదే ఊళ్లోని భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధకులు అర్పితా బిశ్వాస్, సిద్ధార్థ్ బర్మన్ చెప్పిన ప్రకారం, ఒక రకం పంపకం పూర్తవగానే ఎవరికి ఎవరిపై అసూయ ఉందో చూడాలి. అది గుండ్రంగా తిరిగితే, అంటే నాకు నీపై, నీకు అతనిపై, అతనికి నాపై అసూయ ఉంటే, వాటాలను మార్పిడి చేయాలి. తర్వాతి రకంలో అసూయపడేవారికి ముందు వంతు ఇవ్వాలి.

అయితే ఈ మార్పిడికి అందరి హద్దులూ ఒకటే కావాలి. రాత్రి షిఫ్టులో ఉన్నవాడికి రాత్రి వంట పని అంటగట్టలేం. మనిషికో హద్దు ఉన్న ఇళ్లలో పంపకం ఇంకా కష్టం, అసలు ఇళ్లన్నీ అలాంటివే.