మార్కులు బాగా వచ్చే పిల్లల్లో ఆటిజం మనకెందుకు కనిపించదు?

ఆటిజం అంటే మెదడు చిన్నప్పటి నుంచే వేరే తీరుగా ఎదగడం, దానివల్ల మనుషులతో మెలగడం, శబ్దాలూ మార్పులూ తట్టుకోవడం వేరుగా ఉంటాయి. ఆ మాట అనగానే మనలో చాలామందికి మాటలు రాని చిన్న పిల్లాడే గుర్తొస్తాడు. అలాంటి పిల్లలు ఉన్నారు, వాళ్ళకీ వాళ్ళని పెంచేవాళ్ళకీ చాలా సాయం కావాలి. కానీ పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చి, ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకుని, ఇంజినీరింగ్ చేసి, మంచి ఉద్యోగంలో ఉండి, రోజూ సాయంత్రం ఇంటికొచ్చాక ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడే ఓపిక లేక లైటు తీసేసి పడుకునే ముప్పై ఐదేళ్ళ మనిషికి కూడా ఆటిజం ఉండొచ్చంటే నమ్మేవాళ్ళు తక్కువ. "అంత బాగా చదివాడు కదా, వాడికి ఆటిజం ఏంటి?" అంటారు. చదువు బాగా రావడం ఆటిజం లేదనడానికి సాక్ష్యం కాదు. పైగా మన ఇళ్ళల్లో మార్కులు బాగున్నంత కాలం మిగతా కష్టాల గురించి ఎవరూ అడగరు, అడగరు కాబట్టి ఆ పిల్లాడూ చెప్పడు.

అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ సంస్థ ఎనిమిదేళ్ళ పిల్లల మీద రెండేళ్ళకోసారి లెక్క తీస్తుంది. 2020 లెక్క ప్రకారం 36 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. వాళ్ళలో ఐక్యూ, అంటే తెలివిని కొలిచే పరీక్షలో వచ్చే అంకె, వివరాలు దొరికిన పిల్లల్ని చూస్తే, అది 70 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నవాళ్ళు, అంటే మేధో వైకల్యం ఉన్నట్టు లెక్కేసేవాళ్ళు, 38 శాతం దాకా ఉన్నారు. అంటే సగానికి పైగా పిల్లలకి మేధో వైకల్యం లేదు. మన మనసులో ఉన్న బొమ్మ ఆటిజంలో ఒక భాగానిది మాత్రమే.

అసలు ఆటిజం నిర్ధారణ పొందిన మొట్టమొదటి మనిషి కథే చూడండి. డోనాల్డ్ ట్రిప్లెట్, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో 1933లో పుట్టాడు. అమ్మానాన్నల్ని పట్టించుకోడు, గుండ్రటి వస్తువుల్ని గంటల తరబడి తిప్పుతాడు, దినచర్య కాస్త మారినా తట్టుకోలేడు. అంకెలంటే మాత్రం ప్రాణం. మూడేళ్ళ పిల్లాణ్ణి డాక్టర్ల సలహా మీద ఇంటికి దూరంగా ఒక సంస్థలో పెట్టారు. ఏడాది తర్వాత తల్లిదండ్రులు పట్టుబట్టి వెనక్కి తెచ్చుకున్నారు. తండ్రి లాయరు, కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం రాసి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి డాక్టర్ లియో కానర్‌కి పంపాడు. 1943లో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలో మొదటి పిల్లాడు ఈ డోనాల్డే. ఈ పిల్లలకి ఆలోచించే శక్తి బాగానే ఉందని కానర్ అప్పుడే రాశాడు. ఆటిజం, తెలివి ఒకే మనిషిలో ఉండొచ్చన్నది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదన్నమాట, మొదటి వ్యాసంలోనే ఉంది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. డోనాల్డ్‌ని కొన్నేళ్ళు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వాళ్ళు చదువుకున్న నిపుణులేం కాదు. కొలతల పిచ్చి ఉన్న ఈ పిల్లాణ్ణి వారించకుండా, బావి తవ్వే పనిలో పెట్టి లోతు కొలవమన్నారు, పొలం దున్నుతూ మొక్కజొన్న సాళ్ళు లెక్కపెట్టుకుంటే పెట్టుకోనిచ్చారు. తర్వాత హైస్కూలు, ఆ తర్వాత డిగ్రీ, అదీ ఫ్రెంచ్‌లో. తల్లి తరఫు కుటుంబం నడిపే బ్యాంకులో దశాబ్దాల పాటు ఉద్యోగం. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా ఎన్నో దేశాలు తిరిగాడు. ఊళ్ళో వాళ్ళకి తలా ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరుతోనే గుర్తు పెట్టుకునేవాడు, ఊరు దాన్ని అలాగే తీసుకుంది. 2023 జూన్‌లో, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. డబ్బున్న కుటుంబం కావడం బాగా కలిసొచ్చింది, అది దాచాల్సిన పని లేదు. అయినా నేను ఈ కథలో చూసేది ఆ ఊరిని. అదే మనిషి, అదే తెలివి, ఆ సంస్థలోనే ఉండిపోయి ఉంటే ఏమై ఉండేవాడు?

ఇంకో ముచ్చట ఉంది. హైస్కూల్లో ఎవరో పిల్లలు స్కూలు గోడ చూపించి ఇటుకలెన్ని అని అడిగితే డోనాల్డ్ ఠక్కున ఒక అంకె చెప్పాడు. ఊరంతా దాన్ని అద్భుతంగా చెప్పుకుంది. ముసలితనంలో ఒక విలేకరి అడిగితే, ఆ అంకె ఊరికే చెప్పానని, ఆ కుర్రాళ్ళు తనని మెచ్చుకోవాలని అలా చేశానని ఒప్పుకున్నాడు. ఆటిజం ఉన్నవాళ్ళకి మనుషులు అక్కర్లేదనే మాట ఎక్కడైనా వింటే నాకు ఈ ఇటుకలే గుర్తొస్తాయి.

చరిత్రలో మిగతాది త్వరగా చెప్పేస్తాను. కానర్ కన్నా ముందే, 1926లో, గ్రున్యా సుఖరేవా అనే సోవియట్ డాక్టరు ఆరుగురు మగపిల్లల గురించి ఇప్పటి ఆటిజం వర్ణనకి చాలా దగ్గరగా రాసింది, ఆమెని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్ బాగా మాట్లాడే, తమకిష్టమైన విషయాల్లో పెద్ద పండితుల్లా ఉండే పిల్లల గురించి రాశాడు. 1981లో లండన్ డాక్టరు లోర్నా వింగ్, స్వయంగా ఒక ఆటిస్టిక్ అమ్మాయికి తల్లి, అలాంటి ఆటిజాన్ని ఆస్పర్జర్ సిండ్రోమ్ అని పిలిచి అతని పేరుని వెలుగులోకి తెచ్చింది. 1994లో ఆస్పర్జర్ సిండ్రోమ్ అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్‌ఎంలోకి ఎక్కింది, 2013లో తీసేశారు, ఇప్పుడు ఈ రకాలన్నీ కలిపి ఒకటే పేరు, ఆటిజం స్పెక్ట్రం. ఆస్పర్జర్ నాజీల కాలంలో కొందరు వికలాంగ పిల్లల్ని చంపే కేంద్రానికి పంపడంలో భాగమయ్యాడని 2018లో పాత రికార్డుల ఆధారంగా బయటపడింది. ఆ పేరు పోవడమే మంచిదని నా అభిప్రాయం.

పేరు పోయినా "హై ఫంక్షనింగ్" అనే మాట మాత్రం మిగిలింది. ఐక్యూ 70 కన్నా ఎక్కువుంటే హై ఫంక్షనింగ్ అని చాలాకాలం వాడుతూ వచ్చారు. ఐక్యూ బాగుంటే రోజువారీ బతుకు కూడా బాగానే నడుస్తుందని ఒక నమ్మకం. పశ్చిమ ఆస్ట్రేలియాలో రెండు వేల మందికి పైగా ఆటిస్టిక్ పిల్లల వివరాలు తీసి ఈ నమ్మకాన్ని పరీక్షించారు, 2020 ప్రాంతంలో ఫలితాలు వచ్చాయి. మేధో వైకల్యం లేని పిల్లల్లో ఐక్యూకీ, రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యానికీ మధ్య పెద్ద తేడా కనిపించింది. రోజువారీ పనులంటే టైముకి స్నానం చేయడం, ఆకలేస్తోందని గుర్తించి తినడం, ఫోన్ ఎత్తి ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ తీసుకోవడం, బ్యాంకులో ఫలానా ఫారం కావాలని అడగడం లాంటివి. ఇంటిగ్రల్ కాలిక్యులస్ నోటితో చేసే కుర్రాడు హాస్టల్లో వారం రోజులు ఒకే చొక్కాతో తిరుగుతుంటే అది బద్ధకం అనుకుంటాం, "అన్నీ తెలుసు కానీ లోకజ్ఞానం లేదు" అంటాం. లెక్క చేయడం ఒక రకం పని. ఒక పని మొదలుపెట్టడం, మధ్యలో ఆపి ఇంకో దానికి మారడం, ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడం పూర్తిగా వేరే రకం పని, మెదడులో ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని నడవాలనేం లేదు.

ఐక్యూ పరీక్షే ఒక్కోసారి సరిగ్గా కొలవదు కూడా. మాంట్రియల్‌లో మిషెల్ డాసన్ అనే పరిశోధకురాలు, ఆమెకీ ఆటిజం ఉంది, తన బృందంతో కలిసి 2007లో ఒక పని చేసింది. ఆటిస్టిక్ పిల్లలకి మామూలుగా వాడే వెక్స్‌లర్ పరీక్ష పెట్టారు, దాంట్లో మాటలతో జవాబు చెప్పే భాగం ఎక్కువ. తర్వాత రేవెన్ పరీక్ష పెట్టారు, అది బొమ్మల్లో క్రమాన్ని పట్టుకునే పరీక్ష, నోరు విప్పాల్సిన అవసరం లేదు. మొదటిదానికన్నా రెండోదాంట్లో ఆ పిల్లలకి సగటున 30 పర్సెంటైల్ పాయింట్లు ఎక్కువ వచ్చాయి. మామూలు పిల్లల్లో ఇలాంటి తేడా కనిపించలేదు.

ఇక చెవులు, కళ్ళు, చర్మం సంగతి. బయటివాళ్ళకి అస్సలు అర్థం కానిది ఇదే, డీఎస్‌ఎంలో కూడా 2013లోనే లక్షణాల జాబితాలోకి చేరింది. కుక్కర్ విజిల్, హాస్టల్ మెస్సులో స్టీలు కంచాల చప్పుడు, ట్యూబ్‌లైట్ సన్నటి గుయ్యిమనే శబ్దం, చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్, బెండకాయ జిగురు. మనం వీటిని కాసేపటికి మర్చిపోతాం, మెదడు వెనక్కి తోసేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందికి అలా తోసేయడం జరగదు, పదో నిమిషంలో కూడా మొదటి నిమిషంలో ఉన్నంత గట్టిగానే ఉంటుంది. పెళ్ళికి వెళ్తే బ్యాండు, మైకు, సెంటు వాసన, భుజం మీద చెయ్యేసి పలకరించే మేనత్తలు, ఇవన్నీ ఒకేసారి. బడిలో రోజంతా ఓర్చుకుని, ఇంటికొచ్చి చిన్న విషయానికి అరిచి ఏడ్చే పిల్లాడి గురించి టీచరు "మా దగ్గర బంగారంలా ఉంటాడండీ" అంటే తప్పంతా తల్లి పెంపకం మీదికి వస్తుంది. నిజానికి పిల్లాడు ఓపిక అయిపోయేదాకా ఓర్చుకుని, భయం లేని చోటికి వచ్చాక వదిలేస్తున్నాడు.

మనుషులతో మెలగడం గురించి మన ఆలోచన కూడా ఒకవైపే సాగింది. వీళ్ళకి ఎదుటివాళ్ళ మనసు అర్థం కాదు, అంతే, అనుకున్నాం. 2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనా ఆటిస్టికే, దీన్ని తిప్పి అడిగాడు: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది కదా, ఆటిజం లేనివాళ్ళకి వీళ్ళ మనసు అర్థమవుతోందా? 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనిమిదేసి మంది వరసగా ఒకరికొకరు ఒక కథ చెప్పుకునేలా చేశారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసల్లో కథ ఎంత నిలిచిందో, ఎవరికీ ఆటిజం లేని వరసల్లోనూ అంతే నిలిచింది. ఇద్దర్నీ కలిపిన వరసల్లోనే ఎక్కువగా జారిపోయింది.

మన మర్యాదలు గుర్తు చేసుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంటికొచ్చిన చుట్టం "వద్దండీ, ఇప్పుడే తిన్నాం" అంటే మళ్ళీ రెండుసార్లు అడగాలని మనకి ఎవరూ నేర్పలేదు, అదే వచ్చేసింది. ఆటిజం ఉన్న అమ్మాయి ఆ మాట నమ్మి కంచాలు తీసేస్తే పొగరనుకుంటారు. "తీరిక దొరికినప్పుడు మా ఇంటికి రండి" అంటే నిజంగానే వెళ్ళినవాడిది అమాయకత్వం అనుకుంటారు. వాళ్ళు చేసిందల్లా మన మాటని మాటగా తీసుకోవడమే. ఇందులో అవమానించాలన్న ఆలోచన ఎక్కడా లేదు.

ఇలా పదేపదే మాట పడ్డాక తెలివైన పిల్లలు ఒక దారి వెతుక్కుంటారు. ఎవరు ఎలా నవ్వుతున్నారు, ఎన్ని క్షణాలు కళ్ళలోకి చూడాలి, జోకు ఎప్పుడు అయిపోయినట్టు, అన్నీ గమనించి బట్టీ పడతారు. దీన్నే మాస్కింగ్ అంటున్నారు. తెలివి ఎక్కువగా ఉంటే ముసుగు ఇంకా బాగా కుదురుతుంది, అందుకే నిర్ధారణ ఆలస్యమవుతుంది. అమ్మాయిల విషయంలో ఇది మరీ ఎక్కువ. మగపిల్లలు నలుగురికి ఆడపిల్ల ఒకరు అని పాత లెక్క, జాగ్రత్తగా వెతికిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో చూస్తే ముగ్గురికి ఒకరని తేలింది. మన దగ్గర నెమ్మదిగా, తలొంచుకుని ఉండే ఆడపిల్లని అందరూ మెచ్చుకుంటారు కాబట్టి ఆమె లోపల ఏం జరుగుతోందో ఆరా తీసే అవసరమే ఎవరికీ కలగదు.

ఈ ముసుగుకి ధర ఉంది, మామూలు ధర కాదు. కేంబ్రిడ్జ్‌లో పెద్దయ్యాక ఆస్పర్జర్ నిర్ధారణ పొందినవాళ్ళని అడిగితే, 2014లో వచ్చిన ఫలితాల్లో, మూడింట రెండు వంతుల మంది చనిపోవాలన్న ఆలోచన వచ్చిందని చెప్పారు. తెలివైనవాళ్ళు కదా, వాళ్ళే చూసుకుంటారు అనుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క అంకె చాలు. ఇలాంటి ఆలోచనలతో ఎవరైనా సతమతమవుతుంటే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కారణం గురించి క్లుప్తంగా. తల్లి ప్రేమ తక్కువై ఆటిజం వస్తుందని ఒకప్పుడు డాక్టర్లే రాశారు, అది పచ్చి అబద్ధమని తేలి చాలా ఏళ్ళయింది. 1977లో కవల పిల్లల మీద చేసిన అధ్యయనం నుంచీ వంశపారంపర్యం పాత్ర కనిపిస్తూనే ఉంది, 2019లో ఐదు దేశాల వివరాలతో చేసిన అంచనా దాన్ని 80 శాతం దాకా చూపించింది. టీకాల వల్ల వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో రద్దు చేసింది. వంశపారంపర్యం పాత్ర ఇంత ఉంది కాబట్టే ఒక పిల్లాడికి నిర్ధారణ అయ్యాక తండ్రో, మేనమామో "నేనూ ఇంతే కదా" అనుకోవడం తరచూ జరుగుతుంది.

మన దేశంలో ఆటిజం తీవ్రతని కొలిచే ఐసా అనే కొలమానం తయారైంది సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థలోనే, ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. అందులో 40 అంశాలు ఉంటాయి, మొత్తం 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం అంటారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో ఆటిజాన్ని చేర్చింది కాబట్టి వికలాంగుల సర్టిఫికెట్‌కి ఈ కొలమానం ఉపయోగపడుతుంది. కానీ ఎక్కువగా బయటికి కనిపించే ప్రవర్తనని చూసే ఏ కొలమానమైనా ముసుగు బాగా వేసుకున్న పెద్దవాళ్ళని వదిలేసే అవకాశం ఉందని నాకనిపిస్తుంది. అందుకే పెద్దయ్యాక పరీక్షకి వెళ్ళేవాళ్ళు సైకియాట్రిస్టు దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో ఏమీ కనుక్కోకుండా వెళ్ళొద్దు. పెద్దవాళ్ళలో ఆటిజం చూస్తారా అని ముందే అడగండి. అమ్మనో పెద్దమ్మనో కూర్చోబెట్టి ఐదేళ్ళ లోపు సంగతులు రాయించుకోండి: మాటలు ఎప్పుడొచ్చాయి, ఏ ఆటలు ఆడేవాళ్ళు, ఏ బట్ట వేస్తే ఏడ్చేవాళ్ళు. పాత ప్రోగ్రెస్ రిపోర్టుల్లో మార్కుల కింద టీచర్లు రాసిన ఒక్కో వాక్యం ఉంటుంది, అవీ పట్టుకెళ్ళండి. అక్కడికెళ్ళాక బాగా కనబడాలని నవ్వు తెచ్చిపెట్టుకోకుండా, ఒక మామూలు రోజు గడిచాక ఇంట్లో ఎలా ఉంటారో చెప్పండి, నోటితో చెప్పడం కష్టమైతే రాసి ఇవ్వండి.