కారు నిలిపే జాగా, బస్సు కోసం నిలబడే సమయం: ఆఫీసు ప్రయాణాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: చేతిలో డబ్బుంటే ఎవరైనా కారులోనే ఆఫీసుకు వెళ్తారు.

వాస్తవం: టోక్యోలో డబ్బుకు కొదవ లేదు, అయినా ఆఫీసుకు రైలే దిక్కు. జపాన్‌లో కారు రిజిస్టర్ చేయించాలంటే ముందు దాన్ని నిలిపే జాగా చూపించాలి. ఆ జాగా ఇంటికి 2 కి.మీ. లోపే ఉండాలి, పోలీసుల సర్టిఫికెట్ కావాలి. రైలు పాసు ఖర్చు మాత్రం చాలా కంపెనీలే ఇస్తాయి, నెలకు 1,50,000 యెన్ల దాకా దానిమీద ఆదాయపు పన్ను లేదు. సింగపూర్‌లో 1990 నుంచి కారు అనుమతినే వేలంలో పాడుకోవాలి, అదీ 10 ఏళ్లకే. మన దగ్గర కాలనీ రోడ్డు మీద రాత్రంతా కారు వదిలేసినా అడిగేవాళ్లుండరు. ఇంటి దగ్గరా ఆఫీసు సెల్లార్‌లోనూ జాగా ఉచితమైతే కారు తీయక ఏం చేస్తారు?

అపోహ: నెదర్లాండ్స్ నేల చదును కాబట్టి అక్కడ సైకిళ్లు నడుస్తాయి.

వాస్తవం: చదును నేల ఉండగానే 1950, 60లలో అక్కడ సైకిళ్లు తగ్గి కార్లు పెరిగాయి. 1971లో రోడ్లపై 3,000 మందికి పైగా చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభం తోడైంది. విడి సైకిల్ దారులు ఊరూరా వచ్చింది ఆ తర్వాతే. 2023లో మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పుతో 23 కి.మీ. ట్రాక్ వేశారు. మంచి పని. కానీ ఇంటి గేటు నుంచి ఆఫీసు గేటు దాకా దారి తెగకుండా ఉంటేనే ఉద్యోగి సైకిల్ తీస్తాడు.

అపోహ: ఇంకో ఫ్లైఓవర్ వేస్తే చాలు.

వాస్తవం: అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేని 2008 నాటికి కొన్నిచోట్ల సర్వీసు రోడ్లతో కలిపి 26 లేన్లు చేశారు. కొన్నేళ్లకే పీక్ అవర్‌లో మళ్లీ జామ్.

అపోహ: మెట్రో వేసినా హైదరాబాదీలు బండి వదలరు, అలవాటు అలాంటిది.

వాస్తవం: అలవాటు కాదు, నిమిషాల లెక్క. నాగోల్‌లో ఎక్కినవాళ్లు రైలు మారకుండా రాయదుర్గం చేరతారు. మియాపూర్ వాళ్లు అమీర్‌పేటలో మారాలి. రాయదుర్గంలో లైను ఆగిపోతుంది, ఆఫీసులుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మాత్రం ఇంకా కొన్ని కిలోమీటర్లు. ఇంటి నుంచి స్టేషన్ కిలోమీటరు ఉంటే నడకకు 12, 13 నిమిషాలు, ఫుట్‌పాత్ సరిగ్గా ఉంటే. దిగాక బస్సు 30 నిమిషాలకొకటైతే సగటున 15 నిమిషాలు నిలబడాలి. బండికి ఈ రెండూ లేవు. పైగా లీటరుకు 45 కి.మీ. ఇచ్చే బండి మీద రోజుకు 30 కి.మీ. తిరిగినా ముప్పావు లీటరు కూడా కాదు.

రైలు వేగం పెంచి ఆ 15 నిమిషాలు మిగల్చడం ఎవరి తరమూ కాదు. అదే స్టేషన్ నుంచి ఆఫీసులకు తిప్పే ఫీడర్ బస్సును 10 నిమిషాలకొకటి నడిపితే నిరీక్షణ 5 నిమిషాలకు దిగుతుంది. రైలు ఆలస్యమైనా తర్వాతి బస్సు దగ్గర్లోనే ఉంటుంది.

మీ ఆఫీసు తరఫున ఫీడర్ బస్సు అడగాలనుకుంటే ఒక వారం రోజూ ఐదు సమయాలు రాసిపెట్టండి: ఇంటి గేటు దాటింది, స్టేషన్ చేరింది, రైలు ఎక్కింది, దిగింది, ఆఫీసు గేటు చేరింది. ఏ రెండింటి మధ్య ఎక్కువ పోతోందో ఆ కాగితంతోనే వెళ్లండి.