ఒక్క గిటార్‌పై జాజ్ పాట: కార్డ్ మెలొడీ అపోహలు - వాస్తవాలు

బేస్, పియానో, డ్రమ్స్ ఏవీ తోడు లేకుండా పాట బాణీ (మెలొడీ), దాని కార్డులూ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఒకే గిటార్ మీద వినిపించడమే కార్డ్ మెలొడీ. జాజ్ స్టాండర్డ్స్‌ను (అందరూ వాయించే పేరున్న జాజ్ పాటలను) ఇలా కూర్చుకోవాలని మొదలుపెట్టినవాళ్లు చాలామంది వేళ్లు సాగడం లేదని మధ్యలో వదిలేస్తారు. చాలాసార్లు లోపం వేళ్లలో ఉండదు. అక్కర్లేని స్వరాలు కూడా పట్టుకోబోవడమే అసలు ఇబ్బంది.

ఉదాహరణలన్నీ జోసెఫ్ కోస్మా 1945లో బాణీ కట్టిన 'ఆటమ్ లీవ్స్' నుంచి, 'ఈ' మైనర్ (E minor) స్కేలులో. సన్న తీగ 1, లావు తీగ 6.

అపోహ: మెలొడీలో ప్రతి స్వరం కిందా కార్డు ఉండాలి.

కార్డు మారే చోట ఒకసారి పడితే చాలు. ఈ పాట ఎత్తుగడలో 'ఈ', ఎఫ్ షార్ప్, జి స్వరాలు మూడూ ఒంటరిగా రావాలి. నాలుగోదైన సి మీదే ఎ మైనర్ 7 పడాలి. ముందు స్వరాలు విడిగా వచ్చాయి కాబట్టే ఆ కార్డు నిండుగా తోస్తుంది. అన్నింటి కిందా కార్డులు పెడితే పాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది, లయ కూడా వెనకబడుతుంది.

అపోహ: నిండుగా ఉండాలంటే నాలుగైదు తీగలు పట్టుకోవాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువమందిని ఆపేసేది ఇదే. కార్డు మేజరా, మైనరా, డామినెంటా (ఇవి కార్డు రకాలు) అన్నది చెప్పేవి, కార్డుకు పేరిచ్చే స్వరం (రూట్) నుంచి లెక్కిస్తే వచ్చే మూడో స్వరం, ఏడో స్వరం. మామూలు ఐదో స్వరాన్ని వదిలేసినా చెవి వెతకదు. పైగా ఆ రెండింటిలో ఒకటి తరచూ మెలొడీలోనే ఉంటుంది. ఈ పాటలో సి స్వరం ఎ మైనర్ 7కి మూడోది. అదే సి కదలకుండా నిలబడితే, తర్వాత వచ్చే డి7కి ఏడోది అవుతుంది.

ఎ మైనర్ 7: మధ్య వేలు 6వ తీగ 5వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీతల మధ్య గడి), చూపుడు వేలు 4వ తీగ 5వ ఫ్రెట్, చిటికెన వేలు 1వ తీగ 8వ ఫ్రెట్. మూడే స్వరాలు. డి7 కోసం మధ్య వేలు అదే ఫ్రెట్‌లో 5వ తీగకు మారుతుంది, చూపుడు వేలు 4వ తీగ మీదే ఒక ఫ్రెట్ వెనక్కి వస్తుంది. చిటికెన వేలు కదలదు. లోపల జి నుంచి ఎఫ్ షార్ప్‌కి జారిన ఆ ఒక్క అడుగే కార్డు మారిందని చెబుతుంది. చెయ్యి సాగకపోతే డి7లో బేస్ (అన్నిటికన్నా కింది స్వరం) వదిలేసి పై రెండు స్వరాలే ఉంచండి.

ఇవే రెండు పట్లను మూడు ఫ్రెట్లు వెనక్కి జరపండి. పాటలో తర్వాత వచ్చే ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్, బి7 దొరుకుతాయి, పైన మెలొడీ ఎ తో సహా. మైనర్ 7కీ హాఫ్ డిమినిష్డ్‌కీ తేడా ఐదో స్వరంలోనే ఉంది. దాన్ని మనం పట్టుకోవడమే లేదు కాబట్టి పట్టు ఒకటే. తేడాను చుట్టూ ఉన్న కార్డులను బట్టి చెవే పోల్చుకుంటుంది.

అపోహ: లీడ్ షీట్‌లో (మెలొడీ, కార్డు పేర్లు మాత్రమే ఉండే కాగితంలో) రాసిన స్థానంలోనే వాయించాలి.

గిటార్ స్టాఫ్ (స్వరలిపి గీతలు) మీద రాసినదానికన్నా ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద పలుకుతుంది. రాసింది రాసినట్టు వాయిస్తే మెలొడీ మధ్య తీగల్లో ఇరుక్కుని కింద కార్డుకు చోటుండదు. ఒక ఆక్టేవ్ పైకి ఎత్తండి. అప్పుడు ఈ పాట మొదటి భాగంలో అన్నిటికన్నా కింది స్వరమైన బి, 2వ తీగ ఓపెన్‌లో (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా) దొరుకుతుంది. ఎత్తినా మెలొడీ 3వ తీగ కిందికి దిగే పాటలుంటాయి. వాటికి స్కేలే మార్చుకోండి, అందులో తప్పేమీ లేదు.

అపోహ: మేజర్ 7 అని రాసి ఉంటే మేజర్ 7 పట్టాల్సిందే.

మెలొడీ ఆ కార్డు రూట్ మీద నిలబడితే, కింద ఉన్న ఏడో స్వరం దానికి అర మెట్టు తేడాతో గీసుకుంటుంది. అక్కడ మేజర్ 6 పట్టండి, పాట తేటపడుతుంది.

అపోహ: బేస్ ఆగకుండా నడవాలి.

అక్కర్లేదు. మెలొడీ సాగుతున్నప్పుడు బేస్ ఊరుకోవాలి, మెలొడీ నిలిచిన చోట రెండు మూడు అడుగులు వేయాలి.

అపోహ: పిక్‌తో (తీగలు మీటే చిన్న పలకతో) కుదరదు.

కుదురుతుంది, కానీ మధ్యలో వదిలేసిన తీగలు మోగకూడదు. పై పట్టులో మధ్య వేలి కొన 5వ తీగను తాకుతూ ఉండాలి, చూపుడు వేలు కాస్త వాలి 3, 2 తీగలను నొక్కకుండా ఆనాలి. వేళ్లతో మీటేవారికి వేరే ఇబ్బంది: బొటనవేలు బలంగా పడి బేస్ మెలొడీని మింగేస్తుంది. బేస్‌ను మెత్తగా, ఉంగరపు వేలితో 1వ తీగను గట్టిగా మీటడం విడిగా సాధన చేయాలి. మెలొడీ 2వ తీగ మీద ఉన్నప్పుడు 1వ తీగ ఓపెన్ మోగనివ్వకండి. చెవి పైనున్న ఆ 'ఈ' స్వరాన్నే పాట అనుకుంటుంది.

అపోహ: ట్యాబ్ (తీగ, ఫ్రెట్ అంకెలతో రాసిన లిపి) బట్టీ పడితే వచ్చేస్తుంది.

ట్యాబ్ వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది, ఏది పాటో చెప్పదు. ముందు మెలొడీని పాడుతూ పై రెండు తీగల మీదే వాయించండి. తర్వాత కార్డు మారే చోట మాత్రమే బేస్ స్వరం చేర్చండి. ఈ రెండు గొంతులతో పాట గుర్తుపట్టేలా ఉంటేనే మధ్యలో మూడోది పెట్టండి. ఎనిమిది బార్లు (తాళపు ఆవర్తాలు) ఫోన్‌లో రికార్డు చేసి, గిటార్ పక్కన పెట్టి, వింటూ కూనిరాగం తీయండి. మీ గొంతు ఎక్కడ తడబడిందో అక్కడ మధ్య స్వరం ఒకటి తీసేసి మళ్లీ వాయించండి.