బీరువాలో పుస్తకానికి చీటీ ఎక్కడుంటుంది?

ఒంగోలు

చిరంజీవులైన పిల్లలకు,

మొన్న లైబ్రరీలో తాళం వేసిన బీరువా ముందు నిలబడి, "తాతయ్యా, ఈ పుస్తకాల వీపున నంబర్లు లేవేంటి?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే కరెంటు పోయింది, మీరు ఐసు బండి వెంట పరిగెత్తారు. అందుకే ఈ ఉత్తరం.

నంబర్లున్నాయి, వీపున లేవు, అంతే.

బయటి ర్యాకుల్లో పుస్తకాలు మీకు తెలిసినవే. చీటీ మీద 894.827 అని ఉంటే తెలుగు సాహిత్యం. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విడదీసే డ్యూయీ పద్ధతిలో మన భాషకు దక్కిన నంబరది. దాని కింద రచయిత పేరులో మొదటి అక్షరాలు. (మనవాళ్లకు ఇంటిపేరు వేయాలా, అసలు పేరు వేయాలా అన్న పేచీ నా సర్వీసు అయిపోయినా తేలలేదు.)

బీరువాలో వాటికి అన్నిటికంటే పైన ఇంకో వరుస చేరుతుంది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో 3 సంపుటాలుగా వేయించారు. ఒంగోలు శాసనాలూ అందులోనే ఉన్నాయి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా మనం నెల్లూరు వాళ్లమే మరి! అందులో రెండో సంపుటానికి మేం రాసుకున్న చీటీ పైనుంచి ఇలా ఉంటుంది: అరుదు, 954.84, బట, సం. 2. "అరుదు" అంటే అరుదైన పుస్తకాలుండే ఈ బీరువా. 954.84 ఆంధ్రప్రదేశ్ చరిత్ర. మిగతా రెండూ మీరే చెప్పేయగలరు.

ఈ చీటీని అంటించం. ఆమ్లం లేని కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి, కొస బయటికి కనపడేట్టు పుస్తకంలో పెడతాం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనొకసారి తోలు అట్ట పుస్తకానికి మైదా జిగురు రాసి చీటీ అంటించాను. వానాకాలం వెళ్లేసరికి పురుగులు జిగురు కోసం చీటీని సగం తినేసి, కింది తోలునూ కొరికాయి. మిగిలిన ముక్క పీకితే తోలు పొర దానితోనే లేచొచ్చింది. పుస్తకం పేరులో రెండు బంగారు అక్షరాలు నా వేలికి అంటుకున్నాయి. ఆ వేలు ఎవరికీ చూపించలేదు.

తాటాకు కట్టకైతే మందపాటి కాగితానికి చిల్లు పెట్టి, నంబరు రాసి, నూలు దారంతో కడతాం. పాత పత్రికలకు పెట్టె మీద పత్రిక పేరు, సంవత్సరం చాలు.

ఈసారి వచ్చినప్పుడు అడిగే చీటీలో నాలుగు వరుసలూ రాయండి. పై వరుస వదిలేస్తే అటెండరు ర్యాకులన్నీ గాలించి, లేదు పొమ్మంటాడు. పెన్సిల్ తెచ్చుకోండి, ఆ బీరువా దగ్గరికి పెన్ను రానివ్వరు.

మీ తాతయ్య