దండెం తీగ మీద కణాల లెక్క

"అయస్కాంతం ఇనుమును లాగుతుంది, నికెల్‌ను లాగుతుంది. ఎలక్ట్రాన్‌లో ఇనుమెక్కడుంది? మరి సెర్న్ వాళ్లు అంతంత అయస్కాంతాలు పెట్టుకుని కణాలను ఎలా కొలుస్తున్నారు?" అని డిగ్రీ చదివే ఒకమ్మాయి అడిగింది. సెర్న్ అంటే ఐరోపాలో జెనీవా దగ్గరున్న కణ భౌతిక ప్రయోగశాల. ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం, ఇనుప రజను చల్లితే వచ్చే గీతలు, ఇవన్నీ బడి పుస్తకాల్లో ఉన్నవే కాబట్టి వాటిని వదిలేసి నేరుగా విషయంలోకి వెళ్దాం.

విద్యుదావేశం ఉన్న కణం కదలకుండా ఒకచోట ఉంటే ఆ ఆవేశాన్ని అయస్కాంత క్షేత్రం పట్టించుకోదు. కదిలిందా, పక్కకు తోస్తుంది. ముందుకూ కాదు, వెనక్కూ కాదు, కచ్చితంగా పక్కకే. పరీక్ష హాల్లో పిల్లలు ఎడమచేతి మూడు వేళ్లూ చాచి మణికట్టు మెలికలు తిప్పుకుంటూ కనిపిస్తారు చూడండి, ఆ ఫ్లెమింగ్ నియమం ఇదే. వేళ్లు చాచడం నేర్పుతాం, మార్కులు వేస్తాం. విశ్వంలోని కణాలను మనిషి కొలుస్తున్నది ఆ వేళ్ల లెక్కతోనేనని మాత్రం క్లాసులో చెప్పం. నాకు అదో కడుపుమంట.

తోపు ఎప్పుడూ దారికి అడ్డంగానే ఉంటుంది కాబట్టి కణం వేగం పెరగదు, తగ్గదు, దారి మాత్రం వంగుతుంది. క్షేత్రం అంతటా ఒకేలా ఉంటే ఆ వంపు ఒక వృత్తంలో ముక్క. ద్రవ్యవేగం, అంటే కణం బరువూ వేగమూ కలిసిన జోరు, ఎక్కువైతే వృత్తం పెద్దది, క్షేత్రం బలమైతే చిన్నది. ఎలక్ట్రాన్ అంత ఆవేశమున్న ఏ కణానికైనా సూత్రం ఇంతే: మీటర్లలో వ్యాసార్ధాన్ని టెస్లాల్లో క్షేత్రంతోనూ 0.3తోనూ గుణిస్తే జీఈవీల్లో, అంటే వందకోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కన, ద్రవ్యవేగం వస్తుంది. గీత ఎంత వంగిందో కొలవడమే మొత్తం పని.

ఆ కొలవడం దగ్గరే అసలు తంటా. సెర్న్‌లో కణాలను పసిగట్టే సీఎంఎస్ అనే యంత్రంలో క్షేత్రం 3.8 టెస్లాలు. 1000 జీఈవీల మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నలాంటి కణం) అందులో తిరిగే వృత్తానికి వ్యాసార్ధం దాదాపు 880 మీటర్లు. ఆ కణం దారిని చుక్కలు చుక్కలుగా గుర్తించే సిలికాన్ పొరలేమో మీటరు పైచిలుకు దూరంలోనే అయిపోతాయి. అంత పెద్ద వృత్తంలో మీటరు ముక్క చూస్తే కంటికి తిన్నని గీతలా ఉంటుంది. కాబట్టి ఎవరూ వృత్తాన్ని కొలవరు. ముక్క రెండు చివరలనూ కలుపుతూ ఒక సరళరేఖ ఊహించుకుని, మధ్యలో అసలు దారి ఆ రేఖకు ఎంత ఎడంగా ఉందో చూస్తారు.

ఇది మనకు తెలియని లెక్కేమీ కాదు. పెరట్లో బట్టలు ఆరేసే దండెమే ఇది. రెండు గుంజలకు కట్టిన తీగ మధ్యలో ఎంత కుంగుతుంది? మీటరు తీగ మీద ఉన్న బరువును పొడవు వర్గంతో గుణించి, బిగువుకు 8 రెట్లతో భాగిస్తే వస్తుంది. మీటరుకు కిలో చొప్పున తడిబట్టలు, 4 మీటర్ల దండెం, 20 కిలోల బిగువు అనుకోండి. కుంగు 10 సెంటీమీటర్లు. బిగువు రెట్టింపు చేస్తే 5కు తగ్గుతుంది. అదే 20 కిలోల బిగువుతో గుంజలను 8 మీటర్ల దూరం జరిపారో, కుంగు 40 సెంటీమీటర్లు. పొడవు రెట్టింపైతే కుంగు నాలుగింతలు!

ఇప్పుడు బట్టల బరువు ఉన్నచోట 0.3 రెట్ల అయస్కాంత క్షేత్రం, బిగువు ఉన్నచోట ద్రవ్యవేగం రాయండి. వచ్చేది అచ్చంగా కణం దారి వంపు సూత్రం. ఆ 8 కూడా మారదు. జోరుగా పోయే కణమంటే బాగా బిగించిన దండెం. దాన్ని కుంగదీయడం కష్టం, కాబట్టి కొలవడమూ కష్టం. సీఎంఎస్‌లో మీటరు ముక్క తీసుకుంటే 100 జీఈవీల కణానికి వంపు 1.4 మిల్లీమీటర్లు, 1000 జీఈవీలకు 0.14 మిల్లీమీటర్లు. ఒక్కో సిలికాన్ పొర కణం ఎక్కడ తగిలిందో మిల్లీమీటరులో వందో వంతుల్లో చెప్పగలదు కాబట్టి ఈ వంపు దొరుకుతోంది. కణం జోరు పదింతలైతే కొలతలో పొరపాటు శాతమూ పదింతలవుతుంది. తక్కువ జోరు కణాల బాధ ఇంకో రకం: 0.6 జీఈవీ లోపువి చివరి పొర దాకా చేరలేక లోపలే చుట్టలు చుట్టుకుంటాయి.

ఈ పోలిక ఇక్కడితో ఆగిపోతే నేను ఇంతసేపు దండెం పట్టుకుని వేలాడేవాణ్ని కాదు. భౌతిక శాస్త్రజ్ఞులు నిజంగానే తీగ కట్టి కణం దారిని చూశారు. కంప్యూటర్లు ఇంత చవక కాని రోజుల్లో, ఒక అయస్కాంతంలోంచి కణం ఏ దారిన పోతుందో ముందే తెలుసుకోవడానికి అందులో సన్నని తీగను వేలాడదీసి, బరువుతో బిగించి, కరెంటు పంపేవారు. కరెంటు పారే తీగనూ క్షేత్రం అడ్డంగానే తోస్తుంది కాబట్టి తీగ విల్లులా వంగుతుంది. బిగువును కరెంటుతో భాగిస్తే వచ్చే సంఖ్య, ద్రవ్యవేగాన్ని ఆవేశంతో భాగిస్తే వచ్చే సంఖ్యతో సమానమైతే చాలు, ఆ తీగ ఆకారమే ఆ కణం దారి. క్షేత్రం చోటుకో రకంగా ఉన్నా సరే! లెక్క వేసి చూడండి: 1 జీఈవీ ద్రవ్యవేగమున్న ప్రోటాన్ దారి కావాలంటే తీగలో 1 ఆంపియర్ కరెంటు, చివర దాదాపు 340 గ్రాముల బరువు. కొట్టువాడి తూకపు రాళ్లతో ప్రోటాన్‌కు నకలు తయారు! ఒక్క మెలిక ఉంది. తీగ తోపు వైపుకు బొజ్జ వేస్తుంది, కణం దారి బొజ్జ తోపుకు అవతలి వైపు ఉంటుంది. అందుకని ప్రోటాన్ పోయే దిశకు ఎదురుగా కరెంటు పంపాలి.

సూత్రంలో పొడవుకు వర్గం ఉంది, క్షేత్రానికి లేదు. యంత్రాలు భవనాలంత ఎందుకుంటాయో ఇక వేరే చెప్పక్కర్లేదు. మ్యూయాన్ల కోసం పొడవును నమ్ముకున్నది సెర్న్‌లోనే ఉన్న ఇంకో యంత్రం, అట్లాస్: 46 మీటర్ల పొడవు, 25 మీటర్ల ఎత్తు, 7000 టన్నులు. క్షేత్రాన్ని నమ్ముకున్నది సీఎంఎస్: పొడవులో సగం కూడా లేదు, 21 మీటర్లే, బరువు మాత్రం 14000 టన్నులు. దాని తీగచుట్ట లోపలి వ్యాసం 6 మీటర్లు. నయోబియం-టైటానియం తీగలను మైనస్ 269 డిగ్రీల దరిదాపుల్లో ఉంచి, దాదాపు 18000 ఆంపియర్లు పంపుతారు. రెండు యంత్రాలూ 2012 జులై 4న హిగ్స్ కణం దొరికిందని ఒకే రోజు ప్రకటించాయి. దారి ఏదైతేనేం!

సీఎంఎస్ క్షేత్రం మన భూమి క్షేత్రానికి ఇంచుమించు లక్ష రెట్లు. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోకూడదని మన ఇళ్లలో అంటారు. అనుకోనివ్వండి, ఆచారం. కానీ ఈమధ్య దానికి "భూమి అయస్కాంతం రక్తంలోని ఇనుమును మెదడుకు లాగేస్తుంది" అని సైన్సు రంగు పూసి తిప్పుతున్నారు. ఆస్పత్రిలో ఎమ్మారై గొట్టంలో 1.5 టెస్లాల మధ్య, అంటే భూమి క్షేత్రానికి ముప్ఫై వేల రెట్ల పైన, అరగంట పడుకుని లేచి ఆటో ఎక్కి ఇంటికొచ్చేవాళ్లు రోజూ వేలమంది. రక్తంలో ఇనుము మొలల్లాగా లేదు, హీమోగ్లోబిన్ అణువులో ఇరుక్కుని ఉంది. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌ను అయస్కాంతం లాగదు సరికదా, ఇసుమంత అవతలికి నెడుతుంది. రాగి కడియాలు, అయస్కాంతపు పరుపులు అమ్మేవాళ్లకు ఈ సంగతి చెప్పినా లాభం లేదు.

మళ్లీ గీత దగ్గరికి. వంపు ఎంత అన్నది ద్రవ్యవేగం చెప్తుంది, ఎటు అన్నది ఆవేశం ధనమో రుణమో చెప్తుంది. కానీ కణం దారిని ఫొటో తీస్తే అందులో గీత మాత్రమే ఉంటుంది, దాని మీద బాణం గుర్తు ఉండదు. పైనుంచి కిందికి పోయే ధన కణం ఎటు వంగుతుందో, కింది నుంచి పైకి పోయే రుణ కణమూ అదే గీత గీస్తుంది. 1932లో అమెరికాలో పాసడీనాలో జరిగిన గొడవంతా ఇదే. కార్ల్ ఆండర్సన్‌కు అప్పుడు 26 ఏళ్లు. క్లౌడ్ ఛాంబర్‌ను, అంటే కణం పోయిన దారి ఆవిరిలో గీతలా కనిపించే పెట్టెను, బలమైన విద్యుదయస్కాంతంలో పెట్టి, అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల ఫొటోలు తీస్తున్నాడు. కొన్ని గీతలు తప్పు వైపుకు వంగుతున్నాయి. అవి కిందికి దిగే ప్రోటాన్లని గురువు మిలికన్ వాదన, పైకి పోయే ఎలక్ట్రాన్లేమోనని శిష్యుడి అనుమానం.

తగువు తీర్చడానికి ఆండర్సన్ ఛాంబర్ మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసం పలకను అడ్డంగా పెట్టాడు. పలకను దూరిన కణం కొంత శక్తి పోగొట్టుకుని తీరాలి, పోగొట్టుకుంటే అవతల ఎక్కువ వంగాలి. ఎక్కువ వంగిన వైపే బయటికి వచ్చిన వైపు. బాణం గుర్తు దొరికినట్టే!

ఆగస్టు 2న తీసిన ఫొటో చూడండి. పలక కింద గీత మెల్లగా వంగింది, పలక పైన గట్టిగా వంగింది. క్షేత్రం 15000 గాస్‌లు, అంటే 1.5 టెస్లాలు. కింద వ్యాసార్ధం 14 సెంటీమీటర్లు, పైన 5. సూత్రంలో వేస్తే 63 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులతో దూరి 23తో బయటపడింది. అంటే కణం కింది నుంచి పైకి పోయింది. పైకి పోతూ ఆ వైపు వంగాలంటే ఆవేశం ధనం కావాలి. పోనీ ప్రోటానా? ప్రోటాన్ అంత గట్టిగా వంగాలంటే దాని శక్తి 3 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులే అయి ఉండాలి. అంత నీరసమైన ప్రోటాన్ గాలిలో అర సెంటీమీటరు పోయి ఆగిపోతుంది. పలక పైన గీత 5 సెంటీమీటర్లు దాటింది. కాబట్టి ప్రోటాన్ కాదు, ధనావేశమున్న ఎలక్ట్రాన్. గురువు మాటా నిలవలేదు, శిష్యుడి అనుమానమూ నిలవలేదు. అలాంటి కణం ఉండాలని 1931లోనే భౌతిక శాస్త్రజ్ఞుడు డిరాక్ రాసిపెట్టాడు. 1300 ఫొటోల్లో ధన కణాల గీతలు దొరికింది 15 మాత్రమే. ఈ ధన ఎలక్ట్రాన్‌నే పాజిట్రాన్ అంటారు. దాన్ని కనిపెట్టినందుకు ఆండర్సన్‌కు 1936లో నోబెల్ వచ్చింది.

ఆవేశం లేని కణాన్ని అయస్కాంతం అసలు ముట్టుకోదు. అయినా ఆవేశం లేని న్యూట్రినో అనే కణం కథ అయస్కాంతంతోనే మొదలైంది. 1914లో బెర్లిన్‌లో చాడ్విక్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే బీటా కణాలను, అంటే ఎలక్ట్రాన్లను, అయస్కాంతంతో అర్ధవృత్తంలో తిప్పి, అవతల గైగర్ లెక్కపెట్టెతో లెక్కించాడు. అర్ధవృత్తమే ఎందుకంటే, ఒకే ద్రవ్యవేగమున్న ఎలక్ట్రాన్లు 5 డిగ్రీలు అటూ ఇటూ బయల్దేరినా, సగం చుట్టు తిరిగేసరికి వ్యాసంలో 0.4 శాతం తేడాతో ఒకేచోటికి చేరతాయి. క్షేత్రాన్ని మార్చుకుంటూ పోతే అన్ని జోర్ల ఎలక్ట్రాన్లూ తగిలాయి, ఎడం లేకుండా. కేంద్రకం ఒకే మొత్తం శక్తి విడుదల చేస్తుంటే ఎలక్ట్రాన్‌కు ఒక్కోసారి ఒక్కో వాటా ఎందుకు వస్తోంది? మిగతాది కంటికి కనపడని ఇంకో కణం పట్టుకుపోతోందని 1930లో పౌలీ అనే శాస్త్రజ్ఞుడు అన్నాడు. ఆ కణమే న్యూట్రినో.

ఈ చాడ్విక్ తర్వాత లివర్‌పూల్‌కు మారాడు. అక్కడ ఆయన దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేసినవారిలో మన పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టిన సన్యాసి ఒకరున్నారు, స్వామి జ్ఞానానంద. హిమాలయాల్లో యోగం, ప్రేగ్‌లో ఎక్స్ కిరణాలు, లివర్‌పూల్‌లో బీటా కిరణాలు, చివరికి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖ. అక్కడి ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే. కాషాయం కట్టుకున్నంత మాత్రాన ఉత్తరం తలగడ కబుర్లు చెప్పాలని ఎక్కడా లేదని ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

తమిళనాడులో తేని జిల్లా కొండ కింద కట్టాలనుకున్న భారత న్యూట్రినో ప్రయోగశాలలో వాడదలచింది ఈ వంపునే. 50 వేల టన్నుల ఇనుమును 5.6 సెంటీమీటర్ల మందం పలకలుగా 151 పొరలు పేర్చి, ఆ ఇనుమునే అయస్కాంతం చేసి, పలకల సందుల్లో కణాలను పసిగట్టే గాజు పెట్టెలు దూర్చాలని పథకం. వాతావరణంలో పుట్టిన న్యూట్రినో ఇనుమును ఢీకొంటే రుణ మ్యూయాన్, ప్రతి-న్యూట్రినో ఢీకొంటే ధన మ్యూయాన్ వస్తాయి. రెండూ చెరో వైపు వంగుతాయి. భూగోళం గుండా వచ్చేటప్పుడు ఈ రెండు రకాల మీదా పదార్థం ప్రభావం ఒకేలా ఉండదు. ఆ తేడా పట్టుకుంటే మూడు న్యూట్రినోల్లో ఏది బరువో ఏది తేలికో తేలుతుంది. ఒక్కో పలక దగ్గర మ్యూయాన్ 60 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు పోగొట్టుకుంటుంది కాబట్టి వంపు పొరపొరకూ బిగుస్తూ పోతుంది. ఆండర్సన్ సీసం పలకను వందన్నర సార్లు పెట్టినట్టు! ఇబ్బందీ ఆ ఇనుముతోనే: అందులోని కేంద్రకాలు మ్యూయాన్‌ను అటూ ఇటూ అదరగొడతాయి, ఆ అదురులో అసలు వంపు కలిసిపోతుంది. జోరు మరీ తక్కువైతే గీత చిన్నదైపోతుంది, మరీ ఎక్కువైతే వంపు కనపడదు.

2015లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నా, స్థానికుల అభ్యంతరాలతో, కోర్టు కేసులతో కొండ కింద పని మొదలు కాలేదు. ఆ అభ్యంతరాల్లో అడవి గురించిన వాటిని కొట్టిపారేయలేం, కొండలో అణు వ్యర్థాలు దాస్తారన్నది మాత్రం వట్టి పుకారు. మదురైలో 85 టన్నుల చిన్న నమూనా, 11 ఇనుప పొరలతో, విశ్వకిరణాల మ్యూయాన్ల వంపులను నమోదు చేసింది.