కార్బన్ బాణాలు ఇంట్లో కోయడం: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మా ఇంటి వెనక వరండాలో ఒక చిన్న కటింగ్ మిషన్ ఉంది. 2 అంగుళాల చక్రం, పిడికిట్లో పట్టేంత మోటారు. ఒక డజను మంచి కార్బన్ షాఫ్టుల (బాణపు గొట్టాల) ధరలో దాని ధర సగం కూడా ఉండదు. విలువిద్య నేర్చుకునే పిల్లల బాణాలు ఆరేళ్ళుగా దాని మీదే వాళ్ళ కొలతకు కోస్తున్నాను. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో విన్నిపెగ్‌లో ప్రపంచ యువ ఆర్చరీ పోటీల్లో స్వర్ణం గెలిచాక, ఆ పేరు చెప్పుకుంటూ పిల్లల్ని మైదానానికి తెస్తున్న తల్లిదండ్రులు కనిపిస్తున్నారు. సంతోషమే. వాళ్ళలో కొందరు ఇంట్లోనే బాణాలు కోసి, ఆ తర్వాత వాటిని నా దగ్గరికి తెస్తున్నారు. అక్కడే నాకు దిగులు.

అపోహ: చవక మిషన్ మీద కోస్తే కార్బన్ పగులుతుంది

పగిలేది కోసే పద్ధతి వల్ల, మిషన్ ధర వల్ల కాదు. షాఫ్టులో కార్బన్ పోగులు ఎక్కువగా పొడవునా ఉంటాయి. ఎపాక్సీ రెసిన్ వాటిని ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. అందుకే దెబ్బ తగిలితే ఇదీ వెదురులాగే పొడవునా చీలుతుంది. హ్యాక్సా బ్లేడు గానీ, పళ్ళున్న మరే రంపం గానీ పోగును కోయదు, పట్టి లాగుతుంది. పళ్ళు లేని పలచని గరుకు చక్రం మాత్రం వేగంగా తిరుగుతూ పోగును అరగదీస్తుంది. నిమిషానికి 5,000 చుట్లు దాటితే పని నడుస్తుంది. 8,000 దాటితే అంచు ఇంకా నున్నగా వస్తుంది. చవక మిషన్లు కూడా ఆ వేగం అందుకుంటాయి.

గ్రానైట్ పని చేసే ఊళ్ళు చుట్టూ ఉన్నాయి కాబట్టి చాలా ఇళ్ళలో 4 అంగుళాల యాంగిల్ గ్రైండరు ఉంటుంది. దాన్ని స్టాండుకు బిగించి, ఇనుము కోసే 1 మిల్లీమీటరు చక్రం వేస్తే అదీ పనికొస్తుంది. చక్రం మీద ముద్రించిన వేగం మిషన్ వేగం కన్నా తక్కువ ఉంటే మాత్రం వద్దు, చక్రం ముక్కలై ఎగురుతుంది. గ్రైండరును ఒక చేత్తో, షాఫ్టును ఇంకో చేత్తో పట్టుకొని కోసేవాళ్ళను చూశాను. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే: మానుకోండి.

చవక మిషన్‌లో అసలు లోపం మరొకటి ఉంది. షాఫ్టును పట్టి ఉంచే ఏర్పాటు దానికి ఉండదు. నేను మూడడుగుల చెక్క పలక మీద మిషన్‌ను బిగించాను. వి ఆకారంలో గాడి తీసిన రెండు చెక్క దిమ్మలు అదే వరసలో పెట్టాను. నాక్ (వింటి నారి పట్టే గాడి ఉన్న వెనక ముక్క) ఉండే వైపు చివర ఒక అడ్డుచెక్క. షాఫ్టు గాడుల్లో పడుకుంటుంది, వెనక అడ్డుకు ఆనుతుంది. పన్నెండూ ఒకే పొడవు వస్తాయి. వడ్రంగికి ఇచ్చింది టీ ఖర్చు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

కోసేటప్పుడు షాఫ్టును చక్రం మీదికి ఒక్కసారిగా నెట్టకూడదు. గుర్తు మీద కాగితపు టేపు చుట్టి, చక్రం పూర్తి వేగం అందుకున్నాక మెల్లగా తాకించాలి. తాకగానే షాఫ్టును వేళ్ళతో తిప్పుతూ ఉండాలి. ముందు చుట్టూ ఒక గీత పడుతుంది, తర్వాత రెండు మూడు చుట్లలో ముక్క తనంతట తానే విడుతుంది. మోటారు మూలిగిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు. కాలిన వాసన వచ్చిందంటే రెసిన్ వేడెక్కింది, ఆపండి.

అపోహ: ప్లంబర్ల పైపు కట్టరు చాలు, దుమ్మే ఉండదు

కిందటి వేసవిలో ఒకాయన పైపు కట్టరుతో కోసిన పది బాణాలు తెచ్చాడు. చూపుకు అంచు ముచ్చటగా ఉంది. ఒక దూది ఉండ తీసుకొని అంచు నుంచి రెండు అంగుళాల దాకా రుద్దాను. నాలుగు బాణాల మీద దూది పోగులు చిక్కుకొని నిలబడ్డాయి. చిక్కుకున్న చోట వెంట్రుకంత సన్నని చీలిక. పైపు కట్టరు లోహాన్ని నొక్కుతుంది, లోహం సాగి దారి ఇస్తుంది. కార్బన్ సాగదు, చిట్లుతుంది. అలాంటి బాణం వింటి నుంచి వదిలిన క్షణంలో విరిగితే ఆ పుల్లలు గుచ్చుకునేది విల్లు పట్టిన చేతికే. ఆ నాలుగూ అక్కడే విరిచేశాను. ఆయన ముఖం చూడలేకపోయాను గానీ, అవి మళ్ళీ పిల్లవాడి చేతికి వెళ్ళకూడదు.

అపోహ: ఈ నల్ల దుమ్ము పెన్సిలు ముక్కు పొడి లాంటిదే

కాదు. కార్బన్ పోగు మందం తల వెంట్రుకలో పదో వంతు ఉంటుంది. దాని పొడి చర్మంలో గుచ్చుకొని దురద పెడుతుంది, గొంతులోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మామూలు గుడ్డ రుమాలు దీనికి సరిపోదు. కోసేది ఆరుబయట, లేదా వాక్యూమ్ క్లీనరు గొట్టం చక్రం పక్కనే పెట్టి. వంటింటి గట్టు మీద ఎంతమాత్రం వద్దు. తర్వాత చీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో తుడవండి. షాఫ్టు గొట్టంలో మిగిలిన పొడిని నోటితో ఊదడం అందరికీ ఉన్న చెడ్డ అలవాటు, నాకూ ఉండేది.

ఇంకో సంగతి. కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. నా మొదటి మిషన్ మోటారులోకి ఈ పొడి చేరి కాలిపోయింది. స్విచ్చుబోర్డు కింద కోస్తున్నవారు చోటు మార్చండి.

అపోహ: డ్రా పొడవు 28 అంగుళాలైతే బాణమూ 28కి కోయాలి

రెండు కొలతలూ వేరు. డ్రా పొడవంటే పూర్తిగా లాగినప్పుడు నాక్ గాడి నుంచి విల్లు పిడిలో లోతైన చోటు దాకా కొలిచి, దానికి 1.75 అంగుళాలు కలిపినది. బాణం పొడవంటే నాక్ గాడి లోపలి అంచు నుంచి షాఫ్టు చివర దాకా. మొన లెక్కలోకి రాదు. ఈ చివరి మాట తెలియక నా మొదటి డజను బాణాలను మొనతో కలిపి కొలిచాను. పన్నెండూ దాదాపు అంగుళం పొట్టివైపోయాయి. కోసిన షాఫ్టును అతికించే జిగురు ఏ దుకాణంలోనూ దొరకదు.

పొట్టి బాణంతో పోయేది డబ్బొక్కటే కాదు. పూర్తిగా లాగినప్పుడు మొన రెస్టు (విల్లు మీద బాణం ఆనే చోటు) దాటి వెనక్కి జారితే, వదిలిన బాణం ఎడమ చేతిలోకే దిగవచ్చు. ఎదిగే పిల్లలకు రెండు అంగుళాలు అదనంగా ఉంచుతాను. వాడు ఎదిగాక, విల్లు మారాక, మళ్ళీ కోయవచ్చు.

అపోహ: కోస్తే పొడవే తగ్గుతుంది, బాణం మారదు

షాఫ్టు మీద 500 అని ఉంటే అర్థం ఇది: 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది అర అంగుళం వంగుతుంది. కోసినా ఆ అంకె మారదు, కానీ పొట్టిదైన షాఫ్టు వింటిలో గట్టిగా ప్రవర్తిస్తుంది. కుడిచేత్తో లాగే రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) విలుకాడు ఈకలు లేని బాణం వేసి చూస్తే అది ఎడమకు పోతుంది. దాన్ని సరిచేయడానికి బరువైన మొన వేయవలసి వస్తుంది. అందుకే నేను ఒకేసారి తుది పొడవుకు కోయను. అర అంగుళం చొప్పున కోస్తూ, మైదానానికి వెళ్ళి వేసి చూసి, మళ్ళీ వచ్చి కోస్తాను. పిల్లలకు విసుగు. నాకూ విసుగే.

తేలికైతే వేగం వస్తుందని ఇంకాస్త కోయమనేవాళ్ళు ఉన్నారు. కాంపౌండ్ (కొనల్లో కప్పీలుండే) విల్లుకు తయారీదారులు మామూలుగా చెప్పే కనీస హద్దు, విల్లు లాగే బలంలో ఒక్కో పౌండుకు 5 గ్రెయిన్ల బాణం బరువు. 50 పౌండ్ల విల్లుకు బాణం మొత్తం 250 గ్రెయిన్లు, అంటే సుమారు 16 గ్రాములు ఉండాలి. అంతకన్నా తేలికైతే దెబ్బ విల్లుకే.

అపోహ: ఏ చివర కోసినా ఒకటే

అంతటా ఒకే మందం ఉన్న షాఫ్టుకు దాదాపు ఒకటే. నడుమ లావుగా, చివర్లు సన్నగా ఉండేవాటిని తయారీదారు చెప్పిన వైపే కోయాలి, అది చాలావరకు ముందు వైపు.

అపోహ: మిషన్ మీద కోశాక అంచు దానంతటదే తిన్నగా ఉంటుంది

ఉండదు, ఖరీదైన మిషన్ మీద కూడా. నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. షాఫ్టు కొన అంచంతా చెరగని మార్కరు పెన్నుతో రంగు వేస్తాను. నల్ల షాఫ్టు మీద వెండి రంగు పెన్నయితే బాగా కనిపిస్తుంది. తర్వాత షాఫ్టును గాడిలో పడుకోబెట్టి, ఎదురుగా నిటారుగా బిగించిన సన్న ఎమెరీ కాగితానికి ఆనించి మెల్లగా తిప్పుతాను. రెండు చుట్ల తర్వాత తీసి చూస్తే ఒక పక్క రంగు పోయి ఉంటుంది, మరో పక్క మెరుస్తూ ఉంటుంది. మెరుస్తున్నది పల్లం. చుట్టూ రంగు పూర్తిగా పోయేదాకా అదే పని. ఆ తర్వాతే ఇన్సర్టు, అంటే మొనను బిగించడానికి గొట్టంలో అతికించే ముక్క. అంచు వంకరగా ఉంటే ఇన్సర్టు వంకరగా కూర్చుంటుంది, మొన గిరగిరా ఊగుతుంది.

ఇన్సర్టు అతికించే ముందు గొట్టం లోపల స్పిరిట్‌తో తుడవాలి. వేడి జిగురు వాడేవాళ్ళు మంటను లోహపు మొనకు చూపించండి, షాఫ్టుకు కాదు.

అపోహ: మిగిలిన ముక్కలు చెత్త

వాటిని కాల్చకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. నేను మాత్రం ఒక పాత డబ్బాలో దాస్తాను. ఇంట్లో మొదటిసారి కోయాలనుకునేవాళ్ళు వస్తే, ఆ డబ్బా ముందు పెడతాను. వరసగా అయిదు ముక్కలకు రంగు చుట్టూ ఒకేలా పోతేనే వాళ్ళ షాఫ్టు పెట్టె తెరవనిస్తాను. ఇప్పటిదాకా మొదటి రోజే తెరిచినవాళ్ళు ఇద్దరు.